ఒకేసారి మానేయడమా, ఒక్కో పూట మానుకుంటూ పోవడమా?

నేను మాంసం మూడుసార్లు మానేశాను. మొదటి ప్రయత్నం 11 రోజులు నిలిచింది, రెండోది నాలుగు నెలలు. మూడోది ఇప్పటికీ సాగుతోంది. మూడుసార్లూ వేర్వేరు దారుల్లో వెళ్లాను కాబట్టి, శాకాహారానికి మారాలనుకునే వాళ్లు ఎవరైనా "రేపటి నుంచే మానేయనా, మెల్లగా తగ్గించుకోనా?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర కొంత సరుకుంది.

ఒకేసారి మానేయడంలో ఒక సుఖం ఉంది. బేరాలుండవు. ఈ పూట తినవచ్చా, ఒక్క ముక్కేగా, రేపు మానేస్తే పోలేదా అన్న లోపలి గొణుగుడు ఆగిపోతుంది. చుట్టుపక్కల వాళ్లకూ స్పష్టంగా ఉంటుంది: ఈయన తినడు, అంతే. మొదటిసారి నేను ఈ దారే పట్టాను. ఆదివారం రాత్రి ప్రతిజ్ఞ చేసి, సోమవారం నుంచి కంచంలోని మాంసం తీసేసి, మిగిలినదానితో సరిపెట్టుకున్నాను. నా తప్పంతా ఆ సరిపెట్టుకోవడంలోనే ఉంది. వండిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాముల్లో దాదాపు 30 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంతే బరువు ఉడికిన పప్పులోనో శనగల్లోనో 9 గ్రాములకు మించదు. నేను ఆ పప్పు కూడా పెంచలేదు. మధ్యాహ్నం తిన్నది సాయంత్రం నాలుగుకల్లా ఆవిరయ్యేది. దాన్ని నేను మనోబలం లేకపోవడం అనుకున్నాను గానీ, అది ఉత్త ఆకలి.

ఆరో రోజున ఎవరో హితబోధ చేస్తే రెండు పూటలా గిన్నెల కొద్దీ రాజ్మా, శనగలు లాగించాను. ఆ రాత్రి సంగతి చెప్పకపోవడమే మర్యాద. ఇలాంటి పప్పుధాన్యాల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విడగొట్టే ఎంజైము మన చిన్న పేగులో లేదు. అవి అలాగే పెద్ద పేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి వాయువు తయారు చేస్తాయి. రోజూ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే కొన్ని వారాల్లో చాలామందికి కడుపు అలవాటు పడుతుంది. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండినా బాధ తగ్గుతుంది. ఇవేవీ తెలియని నేను పదకొండో రోజున ఒక విందులో ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. ఆ తర్వాత "ఎలాగూ మాట తప్పాం కదా" అని మిగిలినదంతా తిన్నాను.

ఆ "ఎలాగూ తప్పాం కదా" నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత తెలిసింది. 2014లో ఫానలిటిక్స్ అనే సంస్థ అమెరికాలో సుమారు 11 వేల మందిని ప్రశ్నించింది. ఎప్పుడో ఒకప్పుడు శాకాహారులైన వాళ్లలో 84 శాతం మంది మళ్లీ మాంసానికి తిరిగి వెళ్లారు. ఇంకా కొనసాగుతున్న వాళ్లలో రోజుల్లోనో వారాల్లోనో మారిన వాళ్లు 53 శాతమైతే, వదిలేసిన వాళ్లలో అలా మారిన వాళ్లు 65 శాతం. త్వరపడటమే కారణమని దీన్నిబట్టి తేల్చలేం, తేడా అంత పెద్దదేమీ కాదు. వదిలేసిన వాళ్లలో 43 శాతం మంది చెప్పిన ఇంకో మాట నాకు ఎక్కువ నచ్చింది: పూర్తి నిష్ఠగా ఉండటం తమ వల్ల కాలేదట. నిష్ఠ మీద కట్టిన ఇల్లు ఒక్క ముక్కకే కూలుతుంది.

రెండోసారి వారాల లెక్క పెట్టుకున్నాను. వారంలో మూడు రోజులు మాంసం లేకుండా, తర్వాత నాలుగు, ఆ తర్వాత అయిదు. సోమవారాలు మాంసం మానుదామనే ప్రచారం అమెరికాలో 2003లో మొదలై చాలా దేశాలకు పాకింది కాబట్టి ఈ దారికి పేరు ఎక్కువే. వంట కొత్తగా నేర్చుకునే వాళ్లకు, పిల్లలున్న ఇళ్లకు, తగ్గిస్తే చాలు పూర్తిగా మానక్కర్లేదనుకునే వాళ్లకు ఇంతకంటే మంచిది లేదు. కానీ పూర్తిగా మానాలనుకున్న నాకు ఇది పని చేయలేదు. మాంసం లేని రోజులు ఉపవాసాల్లా, ఉన్న రోజులు పండుగల్లా తయారయ్యాయి. మూడు రోజుల కొరత తీరేలా నాలుగో రోజు తినేవాణ్ణి. నాలుగు నెలలైనా అయిదు రోజుల మెట్టు ఎక్కలేదు. ఒక సోమవారం మంగళవారానికి వాయిదా పడింది, ఆ మంగళవారం ఇంకా రాలేదు.

రకం తర్వాత రకం మానే దారి ఇంకొకటుంది. ముందు మేక, గొర్రె, పశు మాంసం, తర్వాత కోడి, చివర చేపలు. సలహాలిచ్చే వాళ్లు సాధారణంగా చెప్పే వరస ఇదే. నేను దీన్ని విడిగా ప్రయత్నించలేదు గానీ, ఆ వరస అందరికీ ఒకటే అనడం తప్పని మాత్రం గట్టిగా చెబుతాను. ఎందుకు మానుతున్నారన్నదాన్ని బట్టి వరస తలకిందులవుతుంది.

ఆరోగ్యం కోసమైతే మొదట పోవలసినవి సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో వీటిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. రోజూ తినే ప్రతి 50 గ్రాములకూ పెద్దపేగు క్యాన్సర్ ముప్పు దాదాపు 18 శాతం పెరుగుతుందని లెక్క కట్టింది. మేక, గొర్రె, పశువుల తాజా మాంసం, అంటే ఎర్ర మాంసం, దాని తర్వాతి మెట్టులో, 'బహుశా కారణం కావచ్చు' అన్న వర్గంలో ఉంది.

పర్యావరణం కోసమైతే లెక్క మారుతుంది. 119 దేశాల్లోని సుమారు 38,700 పొలాల సమాచారంతో 2018లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. 100 గ్రాముల ప్రోటీన్ ఇచ్చేంత ఆహారం తయారవడానికి, మాంసం కోసమే పెంచిన పశువులైతే సగటున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు వెలువడతాయి. కోడి మాంసానికి 6 కిలోల లోపు, సోయా పాలతో చేసే టోఫుకు 2 కిలోలు, బఠానీలకు అర కిలో లోపు. చీజ్‌కు మాత్రం 11 కిలోల దగ్గర. అంటే కోడి మానేసి ఆ లోటును చీజ్‌తో పూడ్చే కొత్త శాకాహారి గాలికి చేసిన మేలేమీ లేదు, పైగా కాస్త కీడే. కొత్తగా మారిన వాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే, నేనూ పడ్డాను.

జీవహింస చూడలేక మానే వాళ్లకైతే మామూలు వరస అచ్చంగా ఎదురు తిరుగుతుంది. ఒక పశువు నుంచి 200 కిలోలకు పైగా మాంసం వస్తుంది, ఒక కోడి నుంచి ఒకటిన్నర కిలో వస్తుందేమో. ముందు పశు మాంసం మాని ఆ లోటు కోడితో తీర్చుకుంటే, ఒక ప్రాణానికి బదులు వందకు పైగా ప్రాణాలు పోతాయి. వాళ్లు మొదట కోడితోనే మొదలుపెట్టాలి. గుడ్లు, పాల సంగతి వేరే తగువు. దాన్ని మొదటి ఏడాది పక్కన పెట్టమనే నా సలహా.

మూడోసారి నేను పూటల లెక్కన వెళ్లాను. ముందు పొద్దుటి తిండి, తర్వాత మధ్యాహ్నం, చివరికి రాత్రి. ఒక నియమం పెట్టుకున్నాను: కడుపు నింపే మూడు శాకాహార వంటలు చేతికి వచ్చేదాకా ఆ పూట జోలికి పోకూడదు. పొద్దుటి పూట రెండు వారాల్లో తేలిపోయింది, అందులో మాంసం ఎలాగూ తక్కువే. మధ్యాహ్నానికి రెండు నెలలు పట్టింది. రాత్రి పూట మూడు నెలలకు పైగా ఏడిపించింది.

వారాల లెక్క నిలవనిచోట ఇది ఎందుకు నిలిచిందో నాకు తోచిన కారణం ఒకటుంది. అలవాటు ఒక సందర్భాన్ని పట్టుకుని పెరుగుతుంది. 'మధ్యాహ్నం భోజనం' రోజూ వచ్చే సందర్భం, 'గురువారం' వారానికోసారి వచ్చేది. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది. మొదటిసారి విందులో ఈ చివరి మాట నా చెవిన పడి ఉంటే రెండో ముక్క దగ్గరే ఆగేవాణ్ణి.

మెల్లగా వెళ్లే వాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. జెలటిన్ ఎముకల నుంచి, చర్మం నుంచి తీస్తారని, కొన్ని చీజ్‌లలో దూడ కడుపులోని ఎంజైము వాడతారని మొదటి వారమే తెలిస్తే గుండె జారిపోతుంది. పూటలు కుదిరాక తెలిస్తే ఒక్కొక్కటి తీరిగ్గా వదిలించుకోవచ్చు. రక్తం పలచబడే వార్ఫారిన్ మాత్రలు వాడే వాళ్లకైతే ఇది సౌకర్యం మాట కాదు. ఆకుకూరలు ఒక్కసారిగా పెంచితే వాటిలోని విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. వాళ్లు, గర్భిణులు, చక్కెర వ్యాధికి మందులు వాడే వాళ్లు ఏ దారి పట్టినా ముందు వైద్యుడితో మాట్లాడాలి.

ఏ దారిలో వెళ్లినా తేడా పడనిది బీ12 విటమిన్. పెద్దవాళ్లకు రోజుకు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు చాలు, కానీ మొక్కల నుంచి అది నమ్మకంగా దొరకదు. పాలు, గుడ్లు సరిపడా తీసుకుంటే కొంత వస్తుంది, అవీ మానితే మాత్రలైనా, బీ12 చేర్చిన ఆహారమైనా తప్పదు. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి కొరత వెంటనే బయటపడదు. ఇనుము సంగతి సులువు: పప్పులు, ఆకుకూరలతో పాటు నిమ్మరసమో పుల్లని పండో తినడం, భోజనం మీద టీ తాగకపోవడం.

ఇంత చెప్పాక నా లెక్కకు అందని మనిషి గురించి కూడా చెప్పాలి. మా అక్క ఒకనాడు కోళ్లను కోసే చోటు చూసి వచ్చి ఆ రాత్రే మానేసింది. మూడు వంటలు కాదు కదా, ఒక్కటీ నేర్చుకోలేదు. మొదటి నెల రొట్టె, అరటిపండ్లతో గడిపింది. పదేళ్లవుతోంది, మళ్లీ తాకలేదు. మనసు అంతలా విరిగిన వాళ్లను ఆగమనడం, పూట పూటకూ మానమనడం అనవసరం, అలా అంటే తిట్టి పోస్తారు కూడా. "అక్కా, బీ12 ఎంతుందో ఒకసారి రక్తపరీక్ష చేయించుకో" అని మాత్రం మూడేళ్లుగా అడుగుతున్నాను. ఇంకా వెళ్లలేదు.