షాపిఫై దుకాణానికి మీలీసెర్చ్: మధ్యలో ఎన్‌ఎయిట్‌ఎన్

ఆన్‌లైన్ దుకాణాల వేదిక అయిన షాపిఫైలో నడిచే పచ్చళ్ల దుకాణానికి మీలీసెర్చ్ అనే సెర్చ్ సాధనాన్ని వేర్వేరు యాప్‌లను కలిపి పనులు వాటంతట అవే జరిగేలా చేసే ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) ద్వారా జోడించి వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. కొత్త సరుకు చేర్చినా, ధర మార్చినా, ఉన్నదాన్ని తొలగించినా షాపిఫై పంపే వెబ్‌హుక్‌ను (మార్పు జరగగానే దానంతట అదే వెళ్లే సందేశాన్ని) ఎన్‌ఎయిట్‌ఎన్ అందుకొని, అవసరమైన వివరాలను మాత్రమే వేరుచేసి, హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ నోడ్ (వేరే సర్వీసుకు సమాచారం పంపే అంచె) ద్వారా మీలీసెర్చ్ ఇండెక్స్‌కు, అంటే అది వెతికే సరుకుల పట్టికకు, చేరవేస్తుంది. సరుకు ఐడీనే ప్రైమరీ కీగా (ప్రతి నమోదును విడిగా గుర్తుపట్టే విలువగా) పెడితే, ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వచ్చినా నకళ్లు పేరుకోవు.

మీలీసెర్చ్ అసలు బలం అక్షరదోషాలను మన్నించడంలో ఉంది: మామూలు అమరికలో 5 అక్షరాల మాట నుంచి ఒక తప్పును, 9 అక్షరాల మాట నుంచి రెండింటిని సర్దుకుంటుంది. అయితే ఇంగ్లిషు లిపిలో టైపు చేసిన గోంగూరను తెలుగు లిపిలోని గోంగూరతో అది తనంతట తాను కలపలేదు కనుక, అటువంటి జతలను పర్యాయపదాల పట్టికలో మనమే చేర్చాలి. విసుగు పుట్టించే పనే, కానీ తెలుగువారికి అమ్మే దుకాణానికి తప్పదు.

వెబ్‌హుక్‌లు ఒక్కోసారి చేరకపోవచ్చు. అందువల్ల రోజుకోసారి మొత్తం జాబితాను సరిపోల్చే మరో వర్క్‌ఫ్లో (ఎన్‌ఎయిట్‌ఎన్‌లో వరుసగా జరిగే పనుల అమరిక) కూడా అవసరం. దుకాణం పేజీలో మీలీసెర్చ్ మాస్టర్ కీ (అన్ని అధికారాలూ ఇచ్చే రహస్య సంకేతం) ఎన్నడూ ఉంచకూడదు, సెర్చ్‌కే పరిమితమైన కీ చాలు. పదుల సంఖ్యలోనే సరుకులున్నవారికి మాత్రం ఇంత హంగామా అక్కరలేదు, షాపిఫై సొంత సెర్చ్ సరిపోతుంది.