మెమరీ కేర్ కేంద్రంలో మా పెద్దమ్మ: మూడేళ్ల తరువాత రాస్తున్న సమీక్ష

మా పెద్దమ్మ 2022 నవంబరు నుంచి హైదరాబాదు శివార్లలోని ఒక అసిస్టెడ్ లివింగ్ కేంద్రంలో (రోజువారీ పనుల్లో సాయం చేస్తూ పెద్దవాళ్లను ఉంచుకునే చోటు), డిమెన్షియా, అంటే మతి క్రమంగా తప్పే జబ్బు, ఉన్నవారి కోసం వేరుగా నడిపే మెమరీ కేర్ అంతస్తులో ఉంటోంది. చేర్చిన కొత్తలోనే రాసి ఉంటే తోట గురించి, గదుల్లో వెలుతురు గురించి, మేనేజరుగారి మాటతీరు గురించి రాసి ఉండేదాన్ని. ఈ మూడేళ్లలో నాకు తెలిసివచ్చినది వేరు. ఇటువంటి చోట సాయంత్రం ఏడు నుంచి మర్నాడు ఉదయం ఏడు వరకు మన మనిషి దగ్గర ఎవరు ఉంటారు, వాళ్లు అక్కడ ఎంతకాలంగా పనిచేస్తున్నారు అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబును బట్టే ఆ కేంద్రం మంచిచెడ్డలు తేలతాయి. కేంద్రం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో కొన్నింటిని వారు దిద్దుకున్నారు, కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి, మా పెద్దమ్మ ఇప్పటికీ వారి చేతుల్లోనే ఉంది.

పెద్దమ్మ విజయవాడలో తపాలా శాఖవారి రైల్వే మెయిల్ సర్వీసు (ఆర్.ఎం.ఎస్.)లో 34 ఏళ్లు సార్టింగ్ అసిస్టెంటుగా పనిచేసి 2008లో రిటైరయింది. ఆమెకు పిల్లలు లేరు. మా నాన్న పోయాక నన్నూ తమ్ముణ్ణీ తన జీతంతో చదివించింది ఆమే. 2019లో నిమ్స్‌లో తెలుగులోనే పరీక్షలు పెట్టి అల్జీమర్స్ అని తేల్చారు. ఆ తరువాత మూడేళ్లు మా ఇంట్లోనే ఉంది. ఒక రాత్రి రెండు గంటలకు డ్యూటీకి వేళయిందని చీర మార్చుకుని, గడియ తీసుకుని, ఒంటరిగా మెయిన్ రోడ్డు దాకా నడిచి వెళ్లిపోయింది. టీకొట్టు తెరవడానికి వచ్చిన ఒకాయన చూసి కూర్చోబెట్టకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను. తల్లిలాంటి మనిషిని హోములో పెట్టారని బంధువులు అన్నారు, ఇంకా అంటున్నారు. రాత్రిళ్లు మెలకువగా కూర్చుని, పగలు ఉద్యోగం చేసి, ఆ అలసటలో ఆమె మీద రెండుసార్లు గొంతు పెంచిన మనిషిగా నేను ఆ నిర్ణయం తీసుకున్నాను. అందుకు నాకు పశ్చాత్తాపం లేదు.

చేర్చే ముందు నాలుగు కేంద్రాలు చూశాం. ప్రతి చోటికీ ముందు చెప్పి ఒకసారి, చెప్పకుండా పొద్దువాలే వేళకు ఇంకోసారి వెళ్లాను. డిమెన్షియా ఉన్న చాలామందికి సాయంత్రం కాగానే అలజడి పెరుగుతుంది. ఇంటికి వెళ్లాలంటారు, తలుపులు లాగుతారు, ఎప్పుడో పోయిన అమ్మ ఎదురుచూస్తోందంటారు. ఉదయం పదకొండు గంటలకు ఏ కేంద్రమైనా చక్కగానే కనిపిస్తుంది. ఒక చోట సాయంత్రం ఆరున్నరకే దీపాలు ఆర్పి అందరినీ మంచాలెక్కించేశారు. ఇంకో చోట ఒక పెద్దాయనను లేవకుండా చున్నీతో కుర్చీకి కట్టి ఉంచారు. అడిగితే పడిపోకుండా అన్నారు. మేము ఎంచుకున్న కేంద్రంలో అదే వేళకు ఒక ఆయా ఇద్దరు పెద్దావిడలను పక్కన కూర్చోబెట్టుకుని ఉతికిన తువాళ్లు మడత పెట్టిస్తోంది. ఒకావిడ మడత పెట్టినది ఇంకొకావిడ విప్పేస్తోంది, ఆయా విసుక్కోకుండా మళ్లీ చేతికిస్తోంది. నేను నిర్ణయించుకున్నది ఆ తువాళ్లను చూసే.

వారి కరపత్రంలో ప్రతి నలుగురికి ఒక సహాయకురాలు అని ఉంది. చేరిన తరువాత లెక్కపెట్టి చూస్తే ఆ అంతస్తులో 22 మంది ఉంటే పగలు ఐదుగురు, రాత్రి ఇద్దరు. కరపత్రంలోని లెక్కలో వంటవాళ్లు, ఊడ్చేవాళ్లు కూడా కలిసి ఉన్నారు. కాబట్టి మీరు అడిగేటప్పుడు మొత్తం సిబ్బంది ఎందరు అని అడగకండి. ఈ అంతస్తులో, రాత్రి డ్యూటీలో, ఒంటికి వెళ్లాలంటే చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లే మనుషులు ఎందరు అని అడిగి, ఆ వారం డ్యూటీ చార్టు చూపించమనండి.

భాష సంగతి నేను ముందుగా ఊహించనిది. ఇక్కడి ఆయాల్లో ఎక్కువమంది ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. పెద్దమ్మకు ఒకప్పుడు హిందీ, ఇంగ్లీషు బాగా వచ్చు. ఈ జబ్బులో తరువాత నేర్చుకున్న భాషలు ముందుగా జారిపోవడం తరచుగా జరుగుతుందని డాక్టరుగారు అన్నారు. మా ఇంట్లో జరిగింది అదే. చివరికి ఆమె దగ్గర మిగిలింది చిన్నప్పటి గోదావరి తెలుగు ఒక్కటే. మొదటి నెలంతా ఆయాలు ఆమెను ఆంటీ అని పిలిచేవాళ్లు, ఆమె తల తిప్పేది కాదు. మొండికేస్తోందని నాకు ఫోను చేశారు. ఆంటీ అనేది ఆమె ఎన్నడూ విని ఎరగని పిలుపు. ఆఫీసులో అందరూ మేడంగారూ అనేవాళ్లు, వీధిలో అక్కయ్యగారూ అనేవాళ్లు. ఒక కాగితం మీద పదిహేను తెలుగు మాటలు హిందీ లిపిలో రాసి గోడకు అంటించాను: లేవండి, కూర్చోండి, మంచినీళ్లు, నొప్పా, బాత్‌రూమా, ఇదిగో వచ్చేశాను. ఆ కాగితం అంటించాక స్నానం దగ్గర గొడవ సగానికి సగం తగ్గింది. నిజానికి ఈ పని కేంద్రమే, చేర్చుకునే రోజే చేయాలి. చేర్చుకునే ఫారంలో బి.పి., షుగరు, అలర్జీల గురించి రెండు పేజీలు అడిగారు గానీ, మిమ్మల్ని ఎలా పిలిస్తే పలుకుతారు అన్న ఒక్క గడి లేదు.

ఇక్కడ పనిచేసిన ఒక అమ్మాయి గురించి, పేరు చెప్పకుండానే, కొంచెం వివరంగా రాయాలి. జార్ఖండ్ నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల పిల్ల. సాయంత్రాలు పెద్దమ్మ లేచి, బ్యాగు వచ్చింది, బ్యాగు విప్పాలి అని తిరుగుతుంటే మిగతావాళ్లు బ్యాగు లేదమ్మా అని చెప్పి కూర్చోబెట్టేవాళ్లు, ఆమె ఇంకా కంగారు పడేది. ఈ అమ్మాయి మాత్రం ఏ బ్యాగు అని నన్ను అడిగింది. రైళ్లలో వచ్చే టపా సంచులని, వాటిని విప్పి ఊళ్ల వారీగా గూళ్లలో వేయడమే ఆమె ఉద్యోగమని చెప్పాను. మరుసటి వారం నేను వెళ్లేసరికి ఆఫీసు గదిలో పడి ఉన్న పాత కవర్లు, బ్యాంకు ఉత్తరాలు, పెళ్లి శుభలేఖల కవర్లు ఒక గుడ్డసంచిలో నింపి, మందుల డబ్బాలు వచ్చే అట్టపెట్టెను తొమ్మిది గూళ్లుగా కోసి బల్ల మీద పెట్టి ఉంచింది. పెద్దమ్మ కవరును ఎడమచేతి బొటనవేలితో ఎగదోసి, పిన్‌కోడు మొదటి మూడంకెలు చూసి, పై నుంచి గూటిలోకి జారవిడుస్తోంది. 520 విజయవాడ, 522 గుంటూరు, 533 రాజమండ్రి. 1972లో మొదలైన ఆ పిన్‌కోడులో మొదటి మూడంకెలు సార్టింగ్ జిల్లావి. ఆమె ఉద్యోగంలో చేరింది రెండేళ్ల తరువాత. నా పేరు ఆ రోజు ఆమెకు గుర్తు లేదు, 533 మాత్రం తప్పలేదు. పిన్‌కోడు లేని శుభలేఖ కవరు ఒకటి వస్తే పక్కన విడిగా పెట్టి, ఇది మళ్లీ చూడాలి అంది. నలభై నిమిషాలు అలా కూర్చుని, సంచి మూతి ముడివేసి, అన్నానికి తనంతట తాను లేచింది.

మెమరీ కేర్ అన్న మాటకు ఇవ్వాల్సిన డబ్బంతా ఆ నలభై నిమిషాలకే ఇవ్వొచ్చు. గోడల మీద రంగురంగుల బొమ్మలు, టీవీలో భజనలు, నెలకొకసారి బెలూన్లతో పుట్టినరోజులు అన్ని చోట్లా ఉంటాయి. మనిషి చేతులకు ఏ పని అలవాటో కనుక్కుని అదే చేతికి ఇచ్చేవాళ్లు అరుదు. అలాంటి అమ్మాయిని పద్నాలుగు నెలల తరువాత, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా, కొత్తగా తెరిచిన ఇంకో శాఖకు మార్చేశారు. పెద్దమ్మ పన్నెండు రోజులు సరిగ్గా తినలేదు. సంచి బీరువా పైన ఉండిపోయింది, కొత్తగా వచ్చిన ఆయాకు అదేమిటో తెలియదు. ఈ కేంద్రం మీద నాకున్న ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. మంచం విరిగితే మరోటి వేస్తారు, చేయి అలవాటైన మనిషి మారితే ఈ జబ్బులో ఉన్నవారికి ఇల్లు మారినంత పని.

తిండి బాగుంటుంది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. పప్పు, కూర, చారు, పెరుగు వేళకు పెడతారు. మింగడం కష్టమైనప్పుడు అన్నం మెత్తగా కలిపి, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా తినిపిస్తారు. పొర పోయి తిండి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుందన్న సంగతి వంటావిడకు కూడా తెలుసు. ఇది చెప్పుకోదగ్గ గుణం.

లోపాల్లో రెండింటిని వివరంగా చెప్పాలి. మొదటిది 2023 వేసవిలో జరిగింది. పెద్దమ్మ రాత్రి రెండింటప్పుడు బాత్‌రూములో పడింది, నాకు కబురు ఉదయం పదకొండింటికి వచ్చింది. ఎముక విరగలేదు గానీ నుదుటి మీద వాపు కోడిగుడ్డంత ఉంది. తలకు దెబ్బ తగిలిన వృద్ధురాలిని తొమ్మిది గంటలపాటు డాక్టరుకు చూపకపోవడం క్షమించరానిది. నేను లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక, పడిన అరగంటలో కుటుంబానికి ఫోను చేయాలన్న నియమం పెట్టారు, ఆ తరువాత దాన్ని పాటించారు కూడా. మంచం పక్కన కింద పరుపు, బాత్‌రూము దారిలో రాత్రి దీపం కూడా ఆ ఫిర్యాదు తరువాత వచ్చినవే.

రెండోది మందుల విషయం. మరుసటి ఏడాది ఒక వారంలో ఆమె ఉన్నట్టుండి పూర్తిగా మారిపోయింది. గోడల మీద మనుషులు కనిపిస్తున్నారంది, రాత్రంతా అరిచింది. జబ్బు ముదిరిందని కేంద్రానికి వచ్చే డాక్టరు క్వెటియాపిన్ అనే మానసిక జబ్బుల మందు మొదలుపెట్టారు, నన్ను అడగలేదు. నేను వెళ్లేసరికి ఆమె మధ్యాహ్నం కూడా కళ్లు తెరవలేని మత్తులో ఉంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఇటువంటి మందులు వాడితే ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. తప్పనిసరైతే వాడకూడదని నేను అనను, అడగకుండా వాడకూడదంటాను. బయటి ఆసుపత్రికి తీసుకువెళ్లి మూత్రపరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ బయటపడింది. యాంటీబయాటిక్ వాడిన ఆరు రోజులకు గోడల మీది మనుషులు పోయారు. ఈ వయసులో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఒక్కోసారి జ్వరం లేకుండా, ఇలా మతి తప్పినట్టుగానే కనిపిస్తుంది. మీ మనిషి నెలల మీద కాక రెండు మూడు రోజుల్లోనే మారిపోతే, జబ్బు ముదిరింది అన్న మాటను వెంటనే ఒప్పుకోకండి. ముందు మూత్రం, మలబద్ధకం, నొప్పి, కొత్తగా మొదలుపెట్టిన మందులు చూడమనండి.

డబ్బు విషయానికి వస్తే, చేర్చినప్పుడు నెలకు 46,000 రూపాయలు, ఇప్పుడు 55,000. డైపర్లు, మందులు, ఆసుపత్రికి తోడు వెళ్లే మనిషి కూలి వేరు. అవన్నీ కలిపితే నెలకు 65,000 దాటుతుంది. పెద్దమ్మ పింఛను సగం భరిస్తుంది, మిగిలినది నేనూ డాలస్‌లో ఉన్న తమ్ముడూ పంచుకుంటాం. మా ఆరోగ్య బీమా ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది గానీ ఇలా ఉంచుకుని చూసుకోవడానికి పైసా ఇవ్వదు. పాత పన్ను విధానంలో రిటర్ను వేసేవారికి డిమెన్షియా వైద్యానికి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80డీడీబీ సెక్షను కింద, రోగి వృద్ధులైతే లక్ష రూపాయల వరకు మినహాయింపు ఉంది. వసతి రుసుము వైద్యం కిందికి రాదు కాబట్టి డాక్టరు, మందుల బిల్లులు విడిగా ఇమ్మని మొదటి నెలలోనే అడగండి. ఇంకో మాట, బ్యాంకు ఖాతాలో మీ పేరు చేర్చే పని మీ మనిషికి సంతకం అర్థమయ్యే రోజుల్లోనే పూర్తి చేయండి. తరువాత పవర్ ఆఫ్ అటార్నీ కాగితం చూపినా అక్కరకు రాదు, ఇచ్చిన మనిషికి మతి తప్పితే చట్టప్రకారం ఆ అధికారం నిలవదు. ఈ విషయంలో కేంద్రం మేనేజరుగారికి నేను కృతజ్ఞురాలిని. ప్రతి నవంబరులో జీవన ప్రమాణ్ (పింఛనుదారు బతికే ఉన్నారన్న ధ్రువపత్రం) కోసం పెద్దమ్మ వేలిముద్రలు పడక అవస్థ పడుతుంటే, ఫోనులో ముఖం చూపించి పని ముగించే పద్ధతి ఆయనే నేర్పారు.

బట్టలు మారిపోతుంటాయి. మా పెద్దమ్మ చీరల్లో నాలుగు కనబడలేదు, ఎవరివో రెండు ఆమె బీరువాలో ఉన్నాయి. అంచు మీద పేరు కుట్టించండి.

ముక్కుగొట్టంతో తిండి అవసరమైనవారికి, మంచం దిగలేని స్థితికి వచ్చినవారికి ఈ కేంద్రం సరిపోదు. రెండు గంటలకొకసారి పక్క మార్చాలంటే రాత్రి ఉండే ఇద్దరి వల్ల కాదు. నెలకొకసారి వీడియో కాల్‌లో చూసి తృప్తిపడే కుటుంబాలకు కూడా నేను సిఫారసు చేయను, ఎందుకంటే పైన చెప్పిన ప్రతి దిద్దుబాటూ ఎవరో ఒకరు వేళకాని వేళ వెళ్లి చూసి అడిగిన తరువాతే జరిగింది. నడవగలిగి, తినగలిగి, ఇంట్లో ఒంటరిగా వదలలేని స్థితిలో ఉన్నవారికి, వారానికి రెండుసార్లు వెళ్లగలిగిన బంధువు ఊళ్లో ఉంటే, నేను చూసిన నాలుగింటిలో ఇదే మెరుగు.

ఈ నవంబరులో ఒప్పందాన్ని మరో ఏడాదికి పొడిగించాను. సంతకం పెట్టే ముందు మూడు షరతులు చేతిరాతతో చేర్పించాను. మత్తునిచ్చే ఏ మందైనా నాతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. ఆయాను మార్చేటప్పుడు పాత ఆయా, కొత్త ఆయా కనీసం వారం రోజులు కలిసి పనిచేయాలి. రాత్రి డ్యూటీలో మూడో మనిషి ఉండాలి. మొదటి రెండింటికి అక్కడికక్కడే ఒప్పుకున్నారు, మూడోది జనవరి నుంచి అన్నారు. జనవరి మొదటి వారంలో, చెప్పకుండా, రాత్రి తొమ్మిదింటికి వెళ్తాను. బీరువా పైనున్న సంచిని దించి, కొత్త ఆయాకు గూళ్లు చూపించి వచ్చాను.