ఫియట్ డోర్ ప్యాడ్లు: నాలుగు వానాకాలాల తర్వాత

నాన్నగారి 1969 ఫియట్ డిలైట్‌కి నాలుగు తలుపులకూ కొత్త డోర్ ప్యాడ్లు (తలుపు లోపలివైపు రేకును కప్పే, రెగ్జిన్ తొడిగిన పలకలు) చేయించి నాలుగు వానాకాలాలు దాటాయి. చేయించిన కొత్తలో ఎవరడిగినా "కళ్లు మూసుకుని చేయించుకోండి" అన్నాను. ఇప్పుడైతే ముందు ఒకటే అడుగుతాను: ప్యాడ్ వెనక పాలిథిన్ షీటు వేయించారా?

పాతవి హార్డ్‌బోర్డువి. కింది అంచులు నాని, ఉబ్బి, ప్యాడ్‌ని తలుపుకి పట్టి ఉంచే క్లిప్పుల రంధ్రాలు చిరిగిపోయాయి. అందుకే 4 మి.మీ. మెరైన్ ప్లై (తేమను తట్టుకునే రకం ప్లైవుడ్) మీద కట్టించాను. మేస్త్రి మంచి పనివాడు. ఉబ్బిన అట్ట కొలతను నమ్మకుండా, తలుపు రేకు మీది రంధ్రాలకే ప్లై పెట్టి ఒక్కో క్లిప్పు చోటూ గుర్తు పెట్టుకున్నాడు. మెరూన్ రెగ్జిన్ మీద నిలువు కుట్లు ఇప్పటికీ ఒక్కటీ తెగలేదు.

మొదటి ఏడాది ఆగస్టులో వెనక సీట్లో ముక్క వాసన మొదలైంది. ఫ్లోర్ మ్యాట్లు ఎండేశాను, పోలేదు. ఒకరోజు ఎడమ వెనక తలుపు ప్యాడ్ కింద బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగింది. టెన్షన్ పట్టుకుంది. అద్దం తిప్పే హ్యాండిల్ తీసి, ప్యాడ్ విప్పి చూస్తే ప్లై వెనకంతా నల్లటి మచ్చలు. కోసిన అంచు దగ్గర పొరలు విడిపోయి ఉన్నాయి.

నీళ్లు ఎలా వస్తున్నాయో కళ్లారా చూడాలనిపించింది. మా అబ్బాయి బయట అద్దం మీద చెంబుతో నీళ్లు పోస్తుంటే, నేను లోపల టార్చి వేసి చూశాను. నీళ్లు అద్దం వెంబడే తలుపులోకి జారాయి, అద్దాన్ని లేపే ఇనుప చెయ్యికి తగిలాయి, అక్కడి నుంచి చిట్లి నేరుగా నా మోకాళ్ల మీద పడ్డాయి. ప్యాడ్ ఉంటే దాని మీద పడేవన్నమాట. తలుపులోకి నీళ్లు దిగడం తప్పేమీ కాదు. ఏ కారుకైనా దిగుతాయి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పోతాయి. నా కారుకి ఆ రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయి. సైకిల్ స్పోక్‌తో పొడిస్తే గ్లాసుడు తుప్పు నీళ్లు కారాయి.

ఆ చిట్లే నీటికి అడ్డుగా రేకుకీ ప్యాడ్‌కీ మధ్య ఒక పొర ఉండాలి. పాత ప్యాడ్లు తీసిన రోజు రేకుకి అంటుకున్న చిరుగు పీలికల్ని మేస్త్రీ నేనూ చెత్త అనుకుని గీకేశాం. ఆ పొర అదే. ఇంత డబ్బు పోసి చేయించిన పని కాస్త పాలిథిన్ లేక పాడైందన్న బాధ నాకు ఇంకా ఉంది.

తర్వాత నాలుగు తలుపులూ విప్పించాను. మందపాటి పాలిథిన్ చుట్టూ బ్యూటైల్ టేపుతో (జిగురుగా అంటుకునే రబ్బరు టేపు) అతికించాం. కింది అంచును మాత్రం రేకు సందులోంచి తలుపు లోపలికే దోపాం, జారిన నీళ్లు మళ్లీ తలుపులోకే పడేలా. పాడైన ప్యాడ్ కొత్తగా కోయించి, అన్నిటి అంచులకూ రెండు పూతలు వార్నిష్ వేయించాను. తలుపు వేస్తే వచ్చే గలగల కూడా తగ్గింది. అది నేను అనుకోనిది.

కుట్టు బాగుందన్నాను కానీ ఫోమ్ 5 మి.మీ. వేయించడం ఎక్కువైంది. అద్దం తిప్పినప్పుడల్లా హ్యాండిల్ రెగ్జిన్‌ని రాసుకుని అర్ధచంద్రంలా గీత పడింది. హ్యాండిల్ చుట్టూ ఫోమ్ కోసేయాల్సింది. ప్యాడ్ మీది మ్యాప్ పాకెట్ (కాగితాలు పెట్టుకునే జేబు) ఎలాస్టిక్ కూడా సాగిపోయింది.

నా బండి ఆదివారాలే బయటికొస్తుంది, మిగతా రోజులు షెడ్‌లోనే. అందుకే నాకు ప్లై సరిపోయింది. రోజూ వీధిలో వానకు తడిసే బండికైతే ప్లాస్టిక్ షీటు మీద కట్టించమనే చెప్తాను. పాత హార్డ్‌బోర్డు ప్యాడ్లు పారేయలేదు, అటక మీద ఉన్నాయి.

మొన్న అక్టోబరులో ఎడమ వెనక ప్యాడ్ మళ్లీ విప్పి చూశాను. పాలిథిన్‌కి అవతలివైపు నీటి చారలు. ఇవతల ప్లై మీద పొడి దుమ్ము.