మండీ సాఫ్ట్‌వేర్‌కు ఏది మేలు: డెల్ఫీ, జోజో, లాజరస్, ఫ్లట్టర్?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ వారంలోనే దామలచెరువు నుంచి మామిడి మండీ యజమాని ఒకాయన ఫోన్ చేశారు. "ఏం నాయనా, కంప్యూటర్ మార్చుకోమని తెర మీద వస్తా ఉంది. మన కాటా ప్రోగ్రాం నడుస్తాదా, నిలిచిపోతాదా?" అని అడిగారు. ఆయన కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు కాబట్టి విండోస్ 11 ఎక్కదు. కొత్తది కొనాలి, లేదంటే ఉన్నదాంట్లోనే లినక్స్ వేసుకోవాలి. లినక్స్ ఉచితమే. కానీ మేం రాసిచ్చిన ప్రోగ్రాం విజువల్ బేసిక్ 6 (వీబీ 6) అనే మైక్రోసాఫ్ట్ పాత టూల్‌లోది, అది విండోస్ దాటి పోదు.

తిరుపతిలో మాది ఇద్దరు మనుషుల ఆఫీసు. నేనూ, మా చిన్నాన్న కొడుకూ. వేబ్రిడ్జి స్లిప్పులు, మామిడి మండీ లెక్కలు, చిత్తూరు బెల్లం వ్యాపారుల ఖాతాలు, ఇవే మా పని. ఆ ఫోన్ తర్వాత నేను ప్రోగ్రాంలు రాసే టూల్స్ డెల్ఫీ, జోజో, లాజరస్, ఫ్లట్టర్ నాలుగింటినీ తీసుకుని ఒకే చిన్న ప్రోగ్రాం నాలుగుసార్లు రాసి చూశాను. కాటా నుంచి బరువు చదవాలి, రైతు పేరు తెలుగులో చూపాలి, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో కార్బన్ కాపీలతో స్లిప్పు తీయాలి. అంతే. మా పనికి ఇవి మూడూ జరిగితే మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు.

రాస్తున్నంతసేపూ నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటే. ఈ టూల్ వెర్షన్ మార్చకుండా ఎన్నేళ్లు ఉండగలను? కారణం ఉంది. మండీ యజమాని సాఫ్ట్‌వేర్‌కు ఒకసారి డబ్బిస్తాడు. మరుసటి ఏడు వెళ్లి అప్‌గ్రేడ్ అంటే "ఇచ్చిన సామానే కదా, మళ్లీ దుడ్లెందుకు?" అంటాడు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. ఆయనకు కొత్తగా వచ్చిందేమీ లేదు, పాతది పాతలాగే నడుస్తోంది. కాబట్టి టూల్ కంపెనీ మన మీద వేసే ప్రతి అప్‌గ్రేడూ మన జేబులోంచే పోతుంది.

పాత ప్రోగ్రాం నేర్పిన లెక్క

విజువల్ బేసిక్ 6 వచ్చింది 1998లో. అందులో ప్రోగ్రాంలు రాసే ఎడిటర్‌కు 2008 ఏప్రిల్‌లో సపోర్టు ఆగిపోయింది. అయినా దాని రన్‌టైమ్, అంటే రాసిన ప్రోగ్రాంను నడిపే భాగం, విండోస్ 11లో కూడా పనిచేస్తుంది. టూల్ కోసం ఆ తర్వాత మేం ఒక్క రూపాయీ పెట్టలేదు. ఇంత మంచి బేరం మళ్లీ దొరకదని నాకు తెలుసు.

మార్పులు మాత్రం ఆగలేదు, అవి వేరే వైపు నుంచి వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. చిత్తూరు జిల్లా అని అచ్చయ్యే స్లిప్పుల్లో పాకాల మండలం వాళ్లకు తిరుపతి జిల్లా అని మార్చాల్సి వచ్చింది. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం మరో 4 కలుపుతుందని ప్రకటించారు. వెంటనే స్లిప్పులో కొత్త గడులు కావాలన్నారు. బయట లారీలు వరుసగా నిలబడి ఉండగా ఆ రాత్రి మార్పు చేసి ఇచ్చాం. పాత టూల్ నా చేతికి అలవాటై ఉండబట్టే అది కుదిరింది.

అసలు పెద్ద ఖర్చు తెలుగు పేర్ల దగ్గర దాక్కుని ఉంది. వీబీ 6 ఫారాల్లో యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కోడ్) తెలుగు కనిపించదు. అందుకని అప్పట్లో అందరిలాగే మేమూ అను ఫాంట్లు వాడాం. తెర మీద తెలుగే కనిపిస్తుంది, లోపల నిల్వ ఉండేవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ, గుర్తులూ. పేర్లు అకారాది క్రమంలో రావు, వెతికితే దొరకవు. ఏ కొత్త టూల్‌కు వెళ్లినా ఈ పేర్లన్నీ యూనికోడ్‌లోకి మార్చాలి, యాక్సెస్ డేటాబేస్ నుంచి ఇంకోదాంట్లోకి తేవాలి. మార్చే ప్రోగ్రాం రాసుకున్నాం కానీ ఒత్తుల దగ్గర, వట్రసుడి దగ్గర తప్పులు వస్తూనే ఉన్నాయి. ఒక్కో మండీలో రైతు పేర్లను మనిషి కూర్చుని సరిచూడాల్సిందే. ఈ పని ఏ కంపెనీ ధరల పట్టికలోనూ ఉండదు. మీరు లెక్క వేసుకునేటప్పుడు దీన్నే మొదట వేసుకోండి.

డెల్ఫీ

చేతికి అన్నింటికంటే హాయిగా ఉన్నది ఇదే. 1995లో బోర్లాండ్ తెచ్చింది, ఇప్పుడు ఎంబార్కడెరో చేతిలో ఉంది. ప్రోగ్రాం వేగం, ఫారాలు గీసే సౌకర్యం, డేటాబేస్ పనిముట్లు అన్నీ పక్కాగా ఉంటాయి. విండోస్, మ్యాక్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నింటికీ ఒకే కోడ్ నుంచి ప్రోగ్రాం వస్తుంది.

కానీ మాకు కావాల్సింది లినక్స్. లినక్స్ కంపైలర్ (మనం రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేది) ప్రొఫెషనల్ ఎడిషన్‌లో లేదు, అంతకంటే ఖరీదైన ఎంటర్‌ప్రైజ్‌కు వెళ్లాలి. ప్రొఫెషనల్ ఒక్కటే మన డబ్బుల్లో లక్ష పైమాట. కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం, అయితే సంస్థ రాబడి ఏడాదికి 5,000 డాలర్లు దాటకూడదు. అంటే నాలుగు లక్షల పైచిలుకు. మాలాంటి చిన్న ఆఫీసు కూడా దాన్ని దాటుతుంది. చదువుకునే పిల్లలకు మాత్రం ఆ ఎడిషన్ బంగారం లాంటిది, తప్పక వాడుకోండి.

కొన్న వెర్షన్ శాశ్వతంగా మనదే, మొదటి ఏడాది అప్‌డేట్లు ధరలోనే వస్తాయి. తర్వాత రెన్యువల్ కట్టాలి. కట్టకుండా చాలా ఏళ్లు ఆగితే ఏమవుతుందో డెల్ఫీ చరిత్రలోనే ఉంది. 2009 వెర్షన్‌లో స్ట్రింగులన్నీ, అంటే ప్రోగ్రాంలో మాటలు దాచే అక్షరాల వరుసలన్నీ, యూనికోడ్ అయ్యాయి. ఒక అక్షరం అంటే ఒక బైటు అని నమ్మి రాసిన పాత కోడ్ చాలా చోట్ల విరిగింది. ఆ మార్పు మంచిదే, మన తెలుగుకు అది కావాల్సిందే. అయినా బిల్లు కట్టింది ప్రోగ్రామర్లు.

ఇక్కడే ఒక మాట. బయటివాళ్లు రాసి అమ్మే కాంపొనెంట్లు (మన ప్రోగ్రాంలో కలుపుకునే రెడీమేడ్ భాగాలు) కొనేముందు సోర్స్ కోడ్ ఇస్తారో లేదో చూడండి. మేం ఒక చిన్న విదేశీ కంపెనీ దగ్గర రిపోర్టులు తీసే కాంపొనెంట్ కొన్నాం. సోర్స్ ఇవ్వలేదు. కొన్నాళ్లకు ఆ కంపెనీయే మూతపడింది. ప్రింటు తీసే భాగమంతా మళ్లీ మొదటి నుంచి రాసుకున్నాం. ఆ ఏడు సీజన్‌కు ముందు మేం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను.

జోజో

ఒకప్పుడు రియల్‌బేసిక్ అన్న పేరుతో ఉండేది, 2013లో జోజో అయింది. వీబీ నుంచి వచ్చేవాళ్లకు పుట్టింటికి వచ్చినట్టు ఉంటుంది. అదే బేసిక్ నడక, అలాగే బటన్ లాగి ఫారం మీద పెట్టడం. విండోస్ కంప్యూటర్ ముందు కూర్చునే మ్యాక్‌కూ లినక్స్‌కూ ప్రోగ్రాం తయారుచేయవచ్చు. ఇది నిజంగా గొప్ప సౌకర్యం.

లైసెన్స్ పద్ధతి నాకు నచ్చింది. నేర్చుకోవడానికి, రాసి నడిపి చూసుకోవడానికి డబ్బు అక్కర్లేదు. ఇతరులకు ఇచ్చే ప్రోగ్రాం తయారుచేసేటప్పుడే లైసెన్స్ కావాలి. కొన్న రోజు నుంచి 12 నెలల్లో వచ్చే వెర్షన్లన్నీ మనవి. ఆ తర్వాత కట్టకపోయినా చివరిగా అందిన వెర్షన్‌ను ఎన్నాళ్లైనా వాడుకోవచ్చు. అంటే రెండు మూడేళ్లకు ఒకసారి, అవసరం వచ్చినప్పుడే కొనుక్కునే వీలుంది. అయితే ఐఫోన్ వంటి చోట ఆపిల్ ఏటా నియమాలు మారుస్తుంది కాబట్టి పాత వెర్షన్ మీద కూర్చోవడం కుదరదు. డెస్క్‌టాప్‌కు కుదురుతుంది.

2019లో ఇందులో కూడా పెద్ద మార్పు వచ్చింది. చాలా ఫంక్షన్ల పేర్లు మారాయి, స్ట్రింగులో స్థానాల లెక్క 1 బదులు 0 నుంచి మొదలైంది. పాత పద్ధతిని వెంటనే తీసేయకపోవడం వాళ్ల మంచితనం. నన్ను వెనక్కి లాగింది వేరే విషయం. ఇది ఒక్క కంపెనీ సొత్తు, భాష కూడా వాళ్లదే. రేపు వాళ్లు లేకపోతే మన కోడ్‌ను చదివే కంపైలర్ ఇంకొకటి లేదు. వీబీ విషయంలో ఒకసారి జరిగింది మళ్లీ జరగాలని నేను కోరుకోను.

లాజరస్

డెల్ఫీ వాడే పాస్కల్ భాషకే ఉన్న ఫ్రీ పాస్కల్ కంపైలర్ మీద కట్టిన ఉచిత టూల్ ఇది. 1999లో మొదలైంది, 1.0 వెర్షన్ రావడానికి 2012 పట్టింది. డెల్ఫీ తెలిసినవాడు ఒక పూటలో అలవాటు పడతాడు. మనం అమ్మే ప్రోగ్రాం కోడ్‌ను బయటపెట్టాల్సిన పని లేకుండా లైసెన్స్‌లో వెసులుబాటు ఉంది.

కాటా సంగతి ముందు చెప్తాను. వేబ్రిడ్జి ఇండికేటర్ సీరియల్ కేబుల్ మీద బరువును అంకెలుగా పంపుతూ ఉంటుంది. సినాసర్ అనే ఉచిత లైబ్రరీతో అది చదవడం పది పదిహేను లైన్ల పని. విండోస్‌లో కామ్ పోర్టు నంబరు, లినక్స్‌లో యూఎస్‌బీ సీరియల్ పేరు, ఈ ఒక్క సెట్టింగే తేడా. లినక్స్‌లో మొదట బరువు రాకపోతే కంగారు పడకండి, ఆ యూజర్‌ను డయల్ఔట్ గ్రూపులో (సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితాలో) చేర్చితే సరిపోతుంది. నాకు అది తెలియడానికి ఒక సాయంత్రం పట్టింది.

తెలుగు ఎక్కడా విరగలేదు. ఆయా సిస్టమ్‌ల సొంత బటన్లు, పెట్టెలే వాడుతుంది కాబట్టి తెలుగు గీసే బాధ్యత సిస్టమే తీసుకుంటుంది. 32 బిట్ విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. మండీల్లో అలాంటివి ఇంకా ఉన్నాయి.

కదలకుండా ఉండగలనా అన్న ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు ఇక్కడే ఉంది. ఫ్రీ పాస్కల్ 3.2.2 వెర్షన్ 2021లో వచ్చింది. 2025లో వచ్చిన లాజరస్ 4.0 కూడా దాని మీదే నడుస్తోంది. పైగా ఇన్‌స్టాలర్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే పదేళ్ల తర్వాత కూడా ఎవరి అనుమతీ అడగకుండా వేసుకోవచ్చు.

లోటు మనుషుల దగ్గర. తిరుపతిలో కాలేజీలకు కొదవ లేదు, ఏటా బోలెడుమంది పిల్లలు బయటికి వస్తారు. పాస్కల్ వచ్చిన పిల్లవాడు ఒక్కడూ నాకు కనబడలేదు. నేర్పితే నెలలో నేర్చుకుంటారు, కానీ "ఇది నేర్చుకుంటే బెంగళూరులో ఉద్యోగం వస్తుందా అన్నా?" అని అడుగుతారు. వాళ్ల భవిష్యత్తు వాళ్లకు ముఖ్యం, అబద్ధం చెప్పలేను. ఇక ఫోన్ యాప్‌లకు లాజరస్‌ను నమ్ముకోవద్దు.

ఫ్లట్టర్

గూగుల్ తెచ్చింది, ఉచితం, 1.0 వెర్షన్ 2018 డిసెంబరులో వచ్చింది. ఫోన్ యాప్‌కు దీన్ని మించింది నాకు కనబడలేదు. తెలుగు ఫాంటును యాప్‌లోనే పెట్టేస్తే ఏ ఫోన్‌లోనైనా అక్షరం ఒకేలా ఉంటుంది. పిల్లలు ఇష్టంగా నేర్చుకుంటారు.

కానీ ఉచితమంటే ఖర్చు లేదని కాదు. 2021లో ఫ్లట్టర్ వాడే డార్ట్ భాషలో నల్ సేఫ్టీ (ఖాళీ విలువల వల్ల వచ్చే తప్పులను ముందే పట్టే నియమం) వచ్చింది, 2023లో డార్ట్ 3తో అది తప్పనిసరి అయింది. కొత్త వెర్షన్‌కు వెళ్లాలంటే అంతకుముందు రాసిన యాప్‌ల కోడ్‌ను దానికి తగ్గట్టు మార్చాల్సి వచ్చింది. గూగుల్ ప్లే ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కు తగ్గట్టు యాప్ మార్చమంటుంది. 2025లో ఆ గడువు ఆగస్టు 31. తర్వాత నవంబరు 1 నుంచి 16 కేబీ మెమరీ పేజీలకు సరిపోవాలన్న నియమం వచ్చింది, దానికోసం యాప్‌లో వాడిన ప్లగిన్లన్నీ (బయటివాళ్లు రాసిన చేర్పులు) ఒక్కొక్కటిగా చూసుకోవాలి. ఆగస్టు గడువు మామిడి సీజన్ ముగిశాక వస్తుంది, అది మనకు కలిసొచ్చింది. ఐఫోన్ కూడా కావాలంటే ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు, పైగా ఒక మ్యాక్. మ్యాక్ మినీ అయినా 2025లో 60 వేల దరిదాపు ఉండేది. గూగుల్‌కు 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు.

ఫ్లట్టర్‌తో విండోస్, లినక్స్ ప్రోగ్రాంలూ చేయవచ్చు. కాటా దగ్గరికి మాత్రం నేను దాన్ని తీసుకెళ్లను. 32 బిట్ విండోస్‌లో నడవదు, డాట్ మ్యాట్రిక్స్‌కు నేరుగా అచ్చు పంపడానికి చుట్టుతిరుగుడు ఎక్కువ.

మైక్రోసాఫ్ట్ వారి మావి (MAUI) అనే టూల్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. దానికి లినక్స్ అధికారికంగా లేదు. మాకు అక్కడితో ముగిసింది. దానికి ముందున్న జామరిన్‌కు 2024 మే 1న సపోర్టు ఆపేశారు.

మేం తీసుకున్న నిర్ణయం

కాటా, మండీ లెక్కలు లాజరస్‌లో. రైతు ఫోన్‌లో స్లిప్పు చూసుకునే యాప్ ఫ్లట్టర్‌లో, అదీ ఏటా మెయింటెనెన్స్ ఇస్తామని కాగితం మీద ఒప్పుకున్న మండీలకే. మిగతావాళ్లకు స్లిప్పును వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది. మీ ఆఫీసులో అందరూ వీబీ వాళ్లే ఉండి, కొత్త భాష వద్దనుకుంటే జోజో తీసుకోండి, తప్పు లేదు. పెద్ద ఫ్యాక్టరీ ఏటా డబ్బు కడుతుందంటే డెల్ఫీ ధర పెద్ద లెక్కలోది కాదు.

దామలచెరువు మండీలో ఇప్పుడు పాత వీబీ ప్రోగ్రాం, లినక్స్ మీద కొత్తది పక్కపక్కనే పెట్టి పరీక్షిస్తున్నాం. పాత సీజన్ తూకాలు రెండింటిలోనూ వేసి చూస్తున్నాం, వాటితోపాటు ఫోన్ యాప్‌లోనూ. ఒక తూకంలో తేడా వచ్చింది. 1,925 కిలోలు, కిలో 6 రూపాయల 50 పైసలు. వీబీ, లాజరస్ రెండూ 12,512 అన్నాయి, ఫోన్ 12,513 అంది. సరిగ్గా అర్ధరూపాయి మిగిలినప్పుడు మొదటి రెండూ దగ్గరి సరిసంఖ్యకు తెస్తాయి, డార్ట్ పైకి పెంచుతుంది. రూపాయే కావచ్చు, కానీ స్లిప్పులో ఒకటి, ఫోన్‌లో ఒకటి కనిపిస్తే రైతు ఎవరిని నమ్మాలి? ఆ రోజే ఫోన్ యాప్‌లోంచి లెక్కలన్నీ తీసేశాం. ఇప్పుడు కాటా దగ్గరి కంప్యూటర్ ఒక్కటే లెక్క కడుతుంది, ఫోన్ దాన్ని చూపిస్తుంది అంతే. యాప్ సగానికి సగం చిన్నదైంది, వచ్చే ఆగస్టులో మార్చాల్సిన కోడ్ కూడా ఆ మేరకు తగ్గింది.