రాజు ఫ్లష్: రేజా, కాలా?

తక్కువ లిమిట్ ఒమాహా బల్ల: ఒక్కో బెట్‌కు హద్దున్న పోకర్, చేతి ముక్కల్లో రెండు, బల్ల మీదివి మూడు కలిపి చెయ్యి కట్టాలి. చేతిలో ఇస్పేటు రాజు, ఇస్పేటు ఏడు, మరో రెండు వేరే రంగు ముక్కలు. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద పడే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు, డైమన్ రెండు. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, ఇస్పేటు రాణి. మనకు రాజు ఫ్లష్ కుదిరింది: ఐదూ ఒకే రంగు, పెద్దది రాజు. ఇప్పుడు మనల్ని ఓడించే చెయ్యి ఒక్కటే: ఇస్పేటు ఆసు, దానికి తోడు ఇంకో ఇస్పేటు.

ఎదుట ఉన్నది ఒక్కడే, అతనే బెట్ కట్టాడంటే రేజ్ చేయాలి, అంటే పందెం పెంచాలి. చిన్న ఫ్లష్ ఉన్నవాడు మానడు. తొమ్మిదుల సెట్ (మూడు తొమ్మిదులు) ఉన్నవాడూ మానడు, ఎందుకంటే బోర్డు (బల్ల మీది ముక్కలు) జత పడి, ఫ్లష్‌ను ఓడించే ఫుల్ హౌస్ (ఒక మూడు, ఒక జత) వచ్చే అవకాశం అతనికి దాదాపు నాలుగోవంతు ఉంది. ఆ ఆశకు పూర్తి ధర కట్టించుకోవాలి. లిమిట్ ఆటలో మన రిస్క్ కూడా హద్దులోనే ఉంటుంది.

ఐదుగురు మిగిలి, మనకు ముందే బెట్, రేజ్ రెండూ పడ్డాయంటే లెక్క మారిపోతుంది. ఈ బల్లల మీద ఒకే రంగులో ఆసు, ఇంకో ముక్క ఉంటే చాలు, ఫ్లాప్ చూడకుండా ఎవరూ వదలరు. అక్కడ మళ్లీ రేజ్ చేస్తే చిన్న ఫ్లష్‌లు పారిపోతాయి, ఆసు మాత్రం కదలదు. అంటే మనకు డబ్బివ్వాల్సినవాళ్లను మనమే లేపి పంపినట్టు. కాల్ చేస్తే, అంటే పెంచకుండా అంతే కడితే, వాళ్లు ఉంటారు, ఓడినా తక్కువలో పోతుంది.

చాలామంది రెండుచోట్లా రేజే చేస్తారు. నా ఓటు మాత్రం గుంపులో కాల్‌కే. రివర్‌లో, అంటే చివరి ముక్కతో, బోర్డు జత పడి, మళ్లీ బెట్, రేజ్ వస్తే ఫోల్డ్, అంటే చెయ్యి వదిలేయడమే.