చలిలో మొండికేయని ప్రైమర్: కొన్ని శీతాకాలాలు సీసీఐ 450తో

రైఫిల్ తూటాలు నేనే నింపుకుంటాను. తూటా అడుగున ఉండి, పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించి తుపాకి మందును అంటించే చిన్న లోహపు గిన్నెను ప్రైమర్ అంటారు. నేనిప్పుడు వాడేది సీసీఐ 450. దానికి మారినందువల్ల నా గ్రూపులు, అంటే టార్గెట్ మీద గుండ్లు పడే గుంపులు, చిన్నవేమీ కాలేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. వంద గజాల దగ్గర అంతకుముందు ఎలా పడేవో ఇప్పుడూ అలాగే పడుతున్నాయి. అయినా ఈ ప్రైమర్ అంటే నాకు వల్లమాలిన అభిమానం. కారణం ఒక్కటే. వేళ్లు కొంకర్లు పోయే చలిలో కూడా ట్రిగ్గర్ నొక్కడం, తూటా పేలడం రెండూ ఒకటే అన్నట్టు జరిగిపోతాయి. మధ్యలో అనుమానానికి చోటుండదు. ఆ చోటు ఎంత భయంకరంగా ఉంటుందో ఒకసారి చూసినవాడిని కాబట్టే ఇంత మెచ్చుకుంటున్నాను.

నాది 6.5 క్రీడ్‌మూర్ తూటా కాల్చే రైఫిల్, బోల్ట్ యాక్షన్, అంటే ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించేది. వాడేవి లాపువా ఇత్తడి కేసులు. వాటి సంగతి తెలిసినవారికి కథ ఎటు పోతుందో ఈపాటికే అర్థమై ఉంటుంది. ఈ కేసుల్లో ప్రైమర్ గూడు 0.210 అంగుళాల పెద్ద ప్రైమర్‌కు కాకుండా 0.175 అంగుళాల చిన్న ప్రైమర్‌కు సరిపోయేలా ఉంటుంది. ఆ గూట్లోంచి మందులోకి నిప్పు వెళ్లే రంధ్రం కూడా మామూలుగా ఉండే 2 మిల్లీమీటర్లు కాదు, 1.5 మిల్లీమీటర్లే. (కాలిన ప్రైమర్‌ను బయటికి నెట్టే మామూలు డీక్యాపింగ్ పిన్ను అందులో ఇరుక్కుపోయి విరిగినా విరుగుతుంది. సన్న పిన్ను వేరే కొనుక్కోవాలి.) దీనివల్ల లాభం లేకపోలేదు. చాలాసార్లు నింపి కాల్చినా గూడు త్వరగా వదులు కాదు. కానీ 40 గ్రెయిన్ల (దాదాపు 2.6 గ్రాముల) పైచిలుకు నిదానంగా కాలే మందును ఆ చిన్న నిప్పుతో, ఆ చిన్న రంధ్రం గుండా అంటించాలి. ఎండాకాలంలో ఇది ఎవరికీ గుర్తు కూడా రాదు.

నాకు గుర్తు చేసింది ఒక శీతాకాలపు ఉదయం. అప్పట్లో వాడుతున్నవి వేరే కంపెనీవి, పెట్టె మీద బెంచ్‌రెస్ట్ రకం (బల్ల మీద ఆనించి కచ్చితమైన గురి కోసం కాల్చేవారికి) అని రాసి ఉన్నవి. పేరు ఎందుకులెండి. వెచ్చటి రోజుల్లో అవి ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఆ రోజు మొదటి కొన్ని తూటాలు బాగానే పోయాయి. తర్వాత ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ అన్న చప్పుడు వినిపించింది. ‘అయ్యో, పేలలేదే’ అని మనసులో అనుకునేలోపు తూటా పేలింది. ఆ వ్యవధి సెకనులో చిన్న భాగమే అయినా చెవికి స్పష్టంగా తెలిసింది. కళ్లు అప్పటికే స్కోపు నుంచి పక్కకు పోబోతున్నాయి. గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ చూస్తే మిగతావాటికంటే సెకనుకు 90 అడుగుల వేగం తక్కువ. దూరం టార్గెట్ మీద ఆ గుండు ఎక్కడో కింద తగిలింది.

మరికొన్ని కాల్చాక ఒకటి అసలు పేలనే లేదు. ఆలస్యంగా పేలే తూటాను అప్పుడే చూసినవాడెవడూ ఆ సమయంలో బోల్టు తెరవడానికి తొందరపడడు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, 30 సెకన్లు దాటేవరకు లెక్కపెట్టి, అప్పుడు తెరిచాను. ప్రైమర్ మీద ఫైరింగ్ పిన్ను దెబ్బ లోతుగా, నడిమధ్యన, చక్కగా పడి ఉంది. దెబ్బ సరిగ్గా పడి కూడా పేలని తూటా అంత చికాకు పెట్టేది మరొకటి లేదు.

ముందు అనుమానం బోల్టు మీదికే పోయింది. చలికి గ్రీజు చిక్కబడితే ఫైరింగ్ పిన్ను మందకొడిగా కదులుతుంది. విప్పి, జిడ్డంతా తుడిచి, పొడిగా బిగించాను. తర్వాత చలి రోజున మళ్లీ అదే తంతు. ఆ తర్వాత ప్రైమర్లు కూర్చున్న లోతు కొలిచాను. తూటా పేలకపోవడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం ప్రైమర్ గూట్లో పూర్తిగా దిగకపోవడమే. పిన్ను కొట్టిన బలమంతా దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చైపోతుంది. నావి కేసు అంచుకు 0.004 అంగుళం లోపలికి దిగి ఉన్నాయి. 0.003 నుంచి 0.005 వరకు ఉండాలంటారు, కాబట్టి అందులోనూ తప్పు లేదు. రంధ్రాలను దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. ఇత్తడి ముక్క గానీ చెత్త గానీ ఎక్కడా అడ్డం లేదు. ఇక మిగిలింది ప్రైమరే.

450 పెట్టె నా అలమరాలోకి వచ్చింది కూడా ఏరి కోరి కాదు. 2020 తర్వాత ప్రైమర్లకు కరువొచ్చిన రోజుల్లో దొరికిందే మహాభాగ్యం అని కొని పడేసినవి. మాగ్నమ్ రకం కావడంతో వాటి జోలికి పోలేదు. మాగ్నమ్ అంటే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే వేగం చెదిరిపోతుంది, గురి పాడవుతుంది అని అందరూ చెప్పే మాటే నేనూ నమ్మాను. ప్రైమర్ మార్చినప్పుడు చేయాల్సిందే చేసి, అంటే మందు తగ్గించి కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చి, తర్వాతి చలికి బయలుదేరాను. తూటాలన్నీ పేలాయి. ఒక్కటీ ఆలోచించి పేలలేదు. క్రోనోగ్రాఫ్‌లో అంతకుముందు అక్కడక్కడా కనిపించే ఆ కుంటి అంకెలు మాయమయ్యాయి. అప్పటి నుంచి ఏ శీతాకాలంలోనూ ఇది నన్ను ఆపలేదు.

వంద గజాల దగ్గర కాల్చేవారికి ఇదంతా అతిగా అనిపించవచ్చు. సెకనుకు 30 అడుగుల వేగం తేడా ఉంటే అక్కడ అంగుళంలో పదో వంతు కూడా మారదు. వెయ్యి గజాల దగ్గర అదే తేడా ఇలాంటి తూటాను దాదాపు 8 అంగుళాలు కిందికి దింపుతుంది. ఆలస్యంగా పేలినదైతే లెక్కే వేయనక్కర్లేదు. వేగం పోవడం ఒకటి, ఆ లోపు చేయి కదలడం మరొకటి.

ఇక నేను గొప్పగా చెప్పుకున్న ఒక అంకె సంగతి. మొదట్లో దీని వేగాల స్టాండర్డ్ డీవియేషన్ (వేగాలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చూపే కొలత) సెకనుకు 8 అడుగులు అని కనిపించిన ప్రతివారికీ చెప్పుకున్నాను. అది ఐదు తూటాలతో కొలిచిన అంకె. ఐదు తూటాల కొలతలో 8 వచ్చిందంటే అసలు విలువ 5 దగ్గర ఉండవచ్చు, 23 దగ్గరా ఉండవచ్చు. గణితం అంతకంటే గట్టి హామీ ఇవ్వదు. 30 తూటాలు వరుసగా కాలిస్తే ఆ ఊగిసలాట బాగా తగ్గుతుంది. అలా కొలిస్తే నాకు 11 చుట్టుపక్కల తేలింది. మంచిదే, కానీ వెచ్చటి రోజున ఆ పాత బెంచ్‌రెస్ట్ ప్రైమర్లు ఇచ్చిన దానికంటే మెరుగని చెప్పలేను. ప్రైమర్ల పెట్టెల మీద అంకెలు చూపించి వాదించుకునేవారిలో సగం మంది ఐదు తూటాల బాపతే అని నా గట్టి అనుమానం.

చేతికి మాత్రం ఇవి భలే నచ్చాయి. నేను చేత్తో నొక్కే పనిముట్టుతోనే ప్రైమర్లు కూర్చోబెడతాను. బొటనవేలితో నొక్కుతుంటే ముందు గూటి గోడల బిగువు తెలుస్తుంది. తర్వాత ప్రైమర్ లోపలి అన్విల్ (పిన్ను దెబ్బకు మసాలా నలిగే చిన్న దిమ్మె) కాళ్లు అడుగుకు తగిలిన చోట చిన్న ఆటంకం. అక్కడ ఆగకుండా ఇంకొక్క నొక్కు. ఆ చివరి నొక్కుతోనే అన్విల్ లోపలి పేలుడు మసాలాకు ఆనుకుంటుంది. 450లో ఆ ఆటంకం కేసు తర్వాత కేసు ఒకే చోట తగులుతుంది. ఈమధ్య కొన్న లాటు మాత్రం కొంచెం బిగువుగా దిగుతోంది. అది ప్రైమర్లదా, నా కొత్త కేసులదా తేల్చుకోలేదు.

దీని కప్పు, అంటే పిన్ను తగిలే బయటి లోహపు గిన్నె, మందం 0.025 అంగుళం. అదే కంపెనీ 400 కప్పు 0.020. పీడనం ఎక్కువ ఉన్న తూటాల్లో పిన్ను తగిలిన చోట పలుచటి కప్పు చిల్లిపడి, వేడి వాయువు బోల్టు ముఖాన్ని తినేస్తుంది. మందపు కప్పుతో ఆ భయం తక్కువ. చాలా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో బోల్టు మూసుకునేటప్పుడల్లా పిన్ను ప్రైమర్‌ను తాకుతుంది కాబట్టి వాటికీ ఇది మేలే. అయితే ఇందులోనే ఒక తిరకాసు ఉంది. మందపు కప్పు అంత సులువుగా చదునవదు. కాల్చిన ప్రైమర్ ముఖం చూసి పీడనం అంచనా కట్టే అలవాటున్నవారిని ఇది నిబ్బరంగా మోసం చేస్తుంది. పైగా స్ప్రింగు బలహీనపడ్డ రైఫిల్‌లో దెబ్బ చాలకపోవచ్చు. ఒక స్నేహితుడి పాత రైఫిల్‌లో అలాగే జరిగింది. స్ప్రింగు మార్చేదాకా అతను నా సలహాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

కాబట్టి నా సిఫారసుకు చాలా షరతులున్నాయి. చిన్న ప్రైమర్ గూడున్న కేసు, నిండా నిదానపు మందు, చలిలో దూరం కాల్చే అలవాటు, బలమైన స్ప్రింగు ఉన్న బోల్టు, ఈ నాలుగూ మీకుంటే ఒక పెట్టె ప్రయత్నించండి. మందు తప్పకుండా తగ్గించి మొదలుపెట్టండి. ఎండాకాలపు పోటీలకే వెళ్లేవారు చేతిలో ఉన్న ప్రైమర్లను మార్చాల్సిన పని లేదు. పెద్ద ప్రైమర్ కేసులు వాడేవారికైతే అసలు ఈ గొడవే లేదు. నా .308 రైఫిల్‌లో ఇప్పటికీ ఫెడరల్ 210ఎమ్ అనే పెద్ద ప్రైమర్ వాడుతున్నాను, అది ఎంత చలికీ ఒక్కసారి కూడా తటపటాయించలేదు.