కౌంటర్ ఆపకుండా బ్యాకప్: నాలుగేళ్లు వాడాక

నెల్లూరులో ఒక రొయ్యల మేత దుకాణం లెక్కల సాఫ్ట్‌వేర్ నేనే చూసుకుంటాను. మేత అప్పు మీద పోతుంది, చెరువు పట్టాక రైతు బాకీ తీరుస్తాడు. కాబట్టి ఆ ఖాతాలే వాళ్ల ఆస్తి. సీజన్లో ఇందుకూరుపేట వైపు మేత బండ్లు తెల్లవారకముందే బయల్దేరతాయి, రాత్రి మూడింటికి కూడా బిల్లు పడుతుంది. డేటాబేస్ ఆపి బ్యాకప్ తీసుకునే వేళంటూ మాకు లేదు.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని డేటాను బ్యాకప్ ఫైల్‌గా (దీన్నే డంప్ అంటారు) రాసిచ్చే టూల్ మైఎస్‌క్యూఎల్‌డంప్. దాంట్లో 'సింగిల్ ట్రాన్సాక్షన్' ఆప్షన్ అంటే నాకు ప్రాణం అందుకే. మామూలుగా డంప్ నడిపితే అది అయ్యేదాకా టేబుళ్లకు తాళం పడుతుంది, కౌంటర్లో బిల్లు కదలదు. ఈ ఆప్షన్ పెడితే, మొదలైన క్షణాన డేటా ఎలా ఉందో చివరిదాకా అలాగే చదువుతుంది. మూడింటికి మొదలైతే, మూడూ పదికి పడిన బిల్లూ ఉండదు, దాని బాకీ కూడా ఉండదు. నాకు కావలసింది అదే. మొదటి ఏడాది కనపడిన వాళ్లందరికీ దీని గురించే చెప్పాను.

నిరుడు వానల్లో ఒక సాయంత్రం డిస్క్ పోయింది. ఆ తెల్లవారుజామున తీసిన డంప్‌ను వేరే మెషీన్‌లో ఎక్కించి, ఆ తర్వాతి బిల్లులన్నీ కాగితాలు చూసి మళ్లీ కొట్టాం. ఖాతాలు పైసాతో సహా సరిపోయాయి. మర్నాడు ఓనరు ఫోన్: "గోడౌన్‌లో బస్తాలు కళ్ల ముందే ఉంటే, కంప్యూటర్లో ఎట్టన్నా తక్కువ చూపిస్తా ఉండాది?" 42 బస్తాల తేడా.

రెండు రోజులు నా కోడ్‌లోనే వెతికాను, అక్కడేం లేదు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్‌ను దాచే పద్ధతులు (ఇంజిన్లు) వేర్వేరు ఉంటాయి: పాతది మైఐసామ్, తర్వాతది ఇన్నోడీబీ. స్టాక్ టేబుల్ ఒక్కటి పాత మైఐసామ్‌లో ఉండిపోయింది. ఇన్నోడీబీ డిఫాల్ట్ అయింది 2010లో వచ్చిన 5.5 వెర్షన్‌తో. మా సాఫ్ట్‌వేర్ అంతకన్నా పాతది, మిగతా టేబుళ్లు మార్చినప్పుడు ఇది నా కంటపడలేదు. మైఐసామ్‌కు ట్రాన్సాక్షన్లే (కొన్ని పనుల్ని ఒకే కట్టగా చూసే పద్ధతి) లేవు కాబట్టి పైన చెప్పిన హామీ దానికి వర్తించదు. డంప్ తన దగ్గరికి వచ్చేసరికి ఎలా ఉంటే అలా రాసిచ్చేస్తుంది. ఆ రోజు డంప్ నడిచిన ఇరవై నిమిషాల్లో మూడు బిల్లులు పడ్డాయి. తగ్గిన స్టాక్ డంప్‌లోకి వచ్చింది, బిల్లులు రాలేదు. మేం వాటిని మళ్లీ కొట్టగానే స్టాక్ రెండోసారి తగ్గింది. ఇంత జరిగినా ఒక్క ఎర్రర్ రాలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

ఆ టేబుల్‌ను ఇన్నోడీబీకి మార్చడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం డంప్‌ను ఒక పాత కంప్యూటర్లో ఎక్కించి బిల్లులకూ స్టాక్‌కూ పొంతన చూస్తాను. స్టోర్డ్ ప్రొసీజర్లు (డేటాబేస్‌లోనే దాచిన చిన్న ప్రోగ్రాములు) డంప్‌లోకి రావాలంటే 'రొటీన్స్' అని విడిగా చెప్పాలని అలా చూస్తుంటేనే తెలిసింది. డంప్ మధ్యలో ఆల్టర్ టేబుల్ (టేబుల్ నిర్మాణాన్ని మార్చే కమాండ్) కొట్టినా దెబ్బే, అందుకని అప్‌డేట్లు పగలే వేస్తున్నాను.

మా డేటా ఆరు జీబీ, ఎక్కించడానికి గంట చాలు. వందల జీబీ ఉన్నవాళ్లకు ఆ ఎక్కించడమే పెద్ద టెన్షన్. వాళ్లు డేటా ఫైళ్లనే నేరుగా కాపీ చేసే ఎక్స్‌ట్రాబ్యాకప్ లాంటి టూల్ చూసుకోవడం మేలేమో, నేను వాడలేదు. మా దుకాణానికి మాత్రం దీన్నే ఉంచాను. ఓనరు ఇప్పుడు నెలాఖరున బస్తాలు దగ్గరుండి లెక్కపెట్టిస్తున్నాడు. నేను వద్దనలేదు.